మెరుపు సిపాయి గొంతు

పోయిన నెలలో ఒక ఆదివారం రజిత తన కూతురిని వెంటబెట్టుకొని కరీంనగర్ నుంచి వచ్చింది. రజిత మా అన్న కూతురు. అక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. వాళ్లమ్మ పోయాక ఆమెకు పుట్టిల్లంటే నిజామాబాద్‌లో నేనుండే ఈ రెండు గదులే. పిల్ల పేరు ఆద్య. వచ్చిన దగ్గర్నుంచి సినిమా సినిమా అని ఒకటే గోల. మధ్యాహ్నం అన్నాలు కాగానే ముగ్గురం ఆటో ఎక్కి మాల్‌కు పోయాం. అది ఏదో దూరదేశపు సినిమా, తెలుగు మాటలు అతికించి వదిలారు. యుద్ధం జరుగుతున్న ఊరు. రొట్టెలు కాల్చే దుకాణంలో పనిచేసే ఒక పడుచుపిల్ల. బాంబు పడి ఇల్లు కూలితే ఆ శిథిలాల కింద అందరూ చచ్చిపోతారు, ఆ పిల్ల ఒక్కతే బతుకుతుంది. బయటికి వచ్చేసరికి ఆమెకు గోడల్ని ఒంటిచేత్తో ఎత్తే బలం వచ్చి ఉంటుంది. మామూలు మనిషి మహావీరురాలు ఎట్లా అయిందన్నదే కథంతా. ఆద్య కుర్చీ అంచున కూర్చొని రెప్ప వేయకుండా చూసింది. రజిత మాత్రం బొమ్మను చూడలేదు, తెర మీది ఆ పడుచుపిల్ల పెదవులనే చూస్తూ కూర్చుంది. కాసేపటికి నా చెవి దగ్గరికి వంగి, "అత్తమ్మా, మూతి ఒకటి చెప్తున్నది, మాట ఒకటి ఇనవడుతున్నది" అంది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

మా ఇంట్లోనూ ఒక మహావీరుడు పుట్టాడు. అదీ యుద్ధంలోనే, అదీ సినిమాలోనే.

అప్పుడు మేం బోధన్‌లో ఉండేవాళ్లం. చక్కెర ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలో పెంకుటిల్లు. చెరుకు ఆడడం మొదలైందంటే ఆ నాలుగైదు నెలలూ మా వీధంతా తియ్యగా, పుల్లగా, కొంచెం మాడినట్టుగా ఒక వాసన. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన రాని రోజుల్లోనే ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. పొగగొట్టంలోంచి మసి నల్లని పొట్టులాగా రాలి దండెం మీది బట్టల మీద, ఎండబెట్టిన మిరపకాయల మీద, వాకిట్లో నీళ్ల గోలెంలో పడేది. మా నాన్నను మేం బాపు అనేవాళ్లం. ఆయన ఆ ఫ్యాక్టరీలోనే రసం కాచే దగ్గర పనిచేసేవాడు. డ్యూటీ దిగి వచ్చాక నేరుగా ఇంట్లోకి వచ్చేవాడు కాదు. వాకిట్లో నిలబడి భుజం మీది తువ్వాలను గట్టిగా దులిపి, కాళ్లు కడుక్కొని, ఆ తడికాళ్లతోనే గడప మీద కూర్చొని ఛాయ్ తాగేవాడు. ఆ ఛాయ్ అయ్యేదాకా ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదు. కోపం ఉండి కాదు. పొద్దంతా యంత్రాల రొదలో ఉండి వచ్చిన మనిషికి ఆ కాసింత నిశ్శబ్దమే విందు.

మేం అవ్వ అని పిలిచే మా అమ్మ బీడీలు చేసేది. నానబెట్టిన తునికాకును తడిగుడ్డలో చుట్టిపెట్టి, వంట ముగించి, గోడకు ఆనుకొని చాట ఒళ్లో పెట్టుకుందంటే ఇక ఆమె వేళ్లు ఆమె మాట వినేవి కావు. ఎవరితో ముచ్చట పెడుతున్నా, ఎవరిని తిడుతున్నా, చివరికి కునికిపాట్లు పడుతున్నా అవి బీడీ చుడుతూనే ఉండేవి. ఆమె కొంగుకు, వెంట్రుకలకు, ఆమె పెట్టిన జొన్నరొట్టెకు కూడా సన్నగా తంబాకు వాసన ఉండేది. ఇప్పటికీ బజారులో ఎవరైనా బీడీకట్ట చేతిలో పట్టుకొని పక్కనుంచి పోతే నేను తల తిప్పి చూస్తాను.

మా అన్న పేరు గంగాధర్. మా ఇంటి తలుపులన్నీ తల వంచి దాటాల్సినంత ఎత్తు మనిషి. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకుంటున్న రైతుల ఊళ్లను మా దగ్గర క్యాంపులంటారు. ఆ క్యాంపుల్లో చెరుకు మోపులు బండ్లకు, లారీలకు ఎత్తడం అతని పని. ఇద్దరు ఎత్తే మోపును ఒక్కడే భుజానికెత్తేవాడు. కానీ ఆ ఒంటికి గొంతు మాత్రం దేవుడు వేరే ఎవరిదో పెట్టాడు. సన్నని గొంతు. మీసాలు రాని పిల్లల గొంతు. పెళ్లయిన తర్వాత కూడా అట్లాగే ఉండిపోయింది. కొత్తవాళ్ల ముందు నోరు తెరవడానికి సిగ్గుపడేవాడు. మాతో మాత్రం ఆగకుండా మాట్లాడేవాడు. లలిత వదిన కాపురానికి వచ్చిన కొత్తలో, "మీ అన్న మాట్లాడుతుంటే పక్క అర్రల నువ్వే మాట్లాడుతున్నవనుకుంటున్న సుజాతా" అని నాతో అని నవ్వేది.

పాత బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో నడిపే ఖదీర్ భాయ్ ఆ ఏడే పెళ్లిళ్లు తీయడానికి వీడియో కెమెరా కొన్నాడు. బోధన్‌లో అది చాలామంది చూసిన మొదటి వీడియో కెమెరా. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయేసరికి ఆయనకు చేతులు ఊరుకోలేదు. సినిమా తీయాలనుకున్నాడు. అది కూడా మామూలు సినిమా కాదు, యుద్ధంలో పుట్టిన మహావీరుడి సినిమా. ఒకరోజు మా ఇంటికొచ్చి, రొట్టె తింటున్న అన్నను కాసేపు ఎగాదిగా చూసి, "గంగాధర్, నువ్వే మన హీరో. నీ ఛాతీ చూస్తే దుష్మన్లు సగం మంది ఆడనే పరార్" అన్నాడు.

"నాకు మాట్లాడరాదు భాయ్" అన్నాడు అన్న.

"మాట్లాడుడెందుకు? నువ్వు ఎగురుడే!"

సినిమా పేరు 'మెరుపు సిపాయి'. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అమాయకుడుంటాడు. యుద్ధం వస్తుంది. విమానాల చప్పుడు వినబడితే చాలు, వాడు చెరుకు బండి కిందికి దూరి చెవులు మూసుకుంటాడు. ఒకసారి బాంబు పడుతుంది. వాడు మరుగుతున్న రసం పెనంలో పడిపోతాడు, అదే క్షణంలో ఆకాశం నుంచి పిడుగు కూడా పడుతుంది. చచ్చిపోయాడని అందరూ ఏడుస్తుంటే పెనంలోంచి లేస్తాడు. ఇక వాడికి తుపాకీ గుండు తగలదు, నిప్పు అంటదు, గాలిలో ఎగరగలడు. పెనంలోంచి లేవగానే వాడు చెప్పే మొదటి మాటను ఖదీర్ భాయ్ దోస్తు, హైస్కూల్ తెలుగు సారు ఒకాయన రాసిచ్చాడు. "యుద్ధం నన్ను పుట్టించింది. యుద్ధాన్ని చంపేదాకా నేను చావను!"

మంజీర ఇసుకలో యుద్ధం తీశారు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను, సెలవు దొరికితే అక్కడే ఉండేదాన్ని. అట్టముక్కలతో చేసిన విమానాలను దారాలతో వేలాడదీసి, వాటి వెనకనుంచి ఎవరో నోటితో బుర్రుమనేవాళ్లు. దీపావళికి అమ్ముడుపోని లక్ష్మీబాంబులు ఇసుకలో పూడ్చి పేల్చేవాళ్లు. శత్రుసైన్యం కావాలంటే ఎవరూ ముందుకు రాలేదు. చివరికి మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టడానికి వచ్చినవాళ్లకు ఖాకీ చొక్కాలు వేయించారు. వాళ్లు మరాఠీలో అరుచుకుంటూ పరుగెత్తుతుంటే, "అస్సల్ దుష్మన్ల లెక్కనే ఉన్నరు, ఒక్క ముక్క సమజైతలేదు" అని ఖదీర్ భాయ్ మురిసిపోయాడు. మధ్యాహ్నం ఆ శత్రువులే తమ రొట్టెలు, మిరపకాయ తొక్కు మాకు పెట్టారు. పెనం సీను కోసం ఒక క్యాంపులో వెంకట్రావు గారనే రైతు బెల్లం వండే పాకకు పోయాం. ఆయన పొట్ట మీద చెయ్యేసుకొని, "ఏవయ్యా ఖదీరూ, మీ హీరో నా పెనంలో పడి లేస్తే రేపు నా బెల్లం ఎవడు కొంటాడయ్యా?" అంటూనే పెనం ఖాళీ చేయించి ఇచ్చాడు. చుట్టూ సాంబ్రాణి పొగ వేశారు. వదిన పెళ్లినాటి ఎర్రచీరను చించకుండా మడతలు పెట్టి అన్న భుజాలకు కట్టారు. ఒళ్లంతా బెల్లం నీళ్లు కారుతుంటే, పొగలోంచి, ఆ ఎర్రచీరతో అన్న మెల్లగా లేచి నిలబడ్డాడు. నవ్వుదామని సిద్ధంగా ఉన్న మేమంతా నవ్వలేకపోయాం. వదిన చేత్తో నోరు మూసుకుంది. ఆమెకప్పుడు నెల తప్పింది, ఇంకా మాకెవరికీ చెప్పలేదు.

గొంతు దగ్గరే చిక్కొచ్చింది. పెనంలోంచి లేచిన వీరుడు పిల్లగొంతుతో యుద్ధాన్ని చంపుతాననేసరికి పాకలో ఉన్నవాళ్లంతా పకపకలాడారు. ఖదీర్ భాయ్ తల పట్టుకొని, "యా అల్లా! నీ పర్సనాలిటీ ఏంది, నీ గొంతేందిరా!" అన్నాడు. తర్వాత ఆయనే దారి కనిపెట్టాడు. బోధన్‌లో రిక్షాకు పోస్టర్లు కట్టుకొని, మైకులో "నేడే చూడండి" అంటూ సినిమాల గురించి చెప్పుకుంటూ తిరిగే నర్సింలు ఉండేవాడు. మనిషి పుల్ల. గొంతు మాత్రం ఉరుము. స్టూడియో వెనక గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, అన్న మాటలన్నీ నర్సింలుతో చెప్పించారు.

వీడియో హాలులో ఆట వేసిన రోజు సగం బోధన్ అక్కడే ఉంది. అన్న పెనంలోంచి లేచి నోరు తెరవగానే ఆ ఉరుము వినబడింది. జనం ఈలలు వేశారు. అందరికంటే గట్టిగా అన్నే నవ్వాడు. ఇంటికి నడిచి వస్తుంటే అవ్వ ఒక్కతే ముఖం ముడుచుకొని, "నీ గొంతేమైందిరా? గది నీది గాదు గద" అంది.

"యుద్ధంల పోయిందే అవ్వా" అన్నాడు అన్న. అందరం నవ్వాం.

ఆ ఎండాకాలం రాకముందే అన్నకు కువైట్ వీసా వచ్చింది. చెరుకు పని ఏడాదంతా ఉండేది కాదు. మా వైపు ప్రతి వాడకట్టులో ఒకరిద్దరు అరబ్బు దేశాల్లో ఉండేవాళ్లు. పోయే రోజు నిజామాబాద్ స్టేషన్‌లో బొంబాయి బండి ఎక్కేముందు వదినతో, "ఎవలు పుట్టినా నన్ను డాడీ అనాలె. బాపు అంటే మా బాపు వలుకుతడు" అని నవ్వించాడు. వదిన నవ్వుతూనే ఏడ్చింది. బాపు తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ బండి వెళ్లినవైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

వానాకాలంలో కువైట్ మీదికి యుద్ధం వచ్చింది. ఉత్తరాలు ఆగిపోయాయి. రజిత ఆ రోజుల్లోనే పుట్టింది. బిడ్డ పుట్టిందని అన్నకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. చెప్పడానికి దారే లేదు. బాపు ఛాయ్ గ్లాసు పక్కన పెట్టి, రేడియోను చెవికి ఆనించుకొని వార్తలు వినేవాడు. ఆయనకు అందులో కావలసింది మా అన్న పేరు ఒక్కటే. అది ఎట్లాగూ రాదని తెలిసీ వార్తలు అయిపోయేదాకా కదిలేవాడు కాదు. కొన్ని వారాలకు నిజామాబాద్ జిల్లావాళ్లు ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలైంది. ముప్కాల్‌లో ఒకరు వచ్చారని, మాక్లూర్‌లో ఇద్దరు వచ్చారని తెలిస్తే బాపు బస్సెక్కి వెళ్లి అడిగి వచ్చేవాడు.

చివరికి ఒక మనిషి తనంతట తానే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నందిపేట్ పోశెట్టి. కువైట్‌లో అన్నతో ఒకే గదిలో ఉన్నవాడు. బుగ్గలు పీక్కుపోయి, పెదవులు పగిలి ఉన్నాయి. గడపలోనే కూర్చుండిపోయి చెప్పాడు. వాళ్లంతా కలిసి లారీల్లో ఎడారి దాటి వచ్చారట. రెండు దేశాల సరిహద్దుల నడుమ ఇసుకలో గుడారాలు వేసి ఆపేశారట. నీళ్ల ట్యాంకరు వస్తే జనం ఒకరి మీద ఒకరు పడేవాళ్లట.

"మాకందరికి గంగాధరే తెచ్చెటోడు" అన్నాడు పోశెట్టి. "పెద్ద పానం గదా, గా గుంపుల చొరవడి బిందె నెత్తిన వెట్టుకొని వచ్చెటోడు. పొద్దుందాక ఎండలనే. మాకు తాపిచ్చి తను తాగెటోడో లేదో మేం సూడలే. గింత మనిషికి ఏమైతదనుకున్నం. జరమొచ్చింది. మల్ల దిగలే."

వదిన రజితను ఎత్తుకొని తలుపు పక్కన నిలబడి ఉంది. "ఏమన్న అన్నడా?" అని అడిగింది.

"ఊరికెల్లి ఎవలన్న వచ్చిండ్రా అని ఒకటే అడుగుడు. కొడుకా, బిడ్డనా తెలుసుకుందామని." అప్పుడు పోశెట్టి తల ఎత్తి వదిన చేతుల్లోకి చూశాడు. "బిడ్డనా?" అన్నాడు.

వదిన తల ఊపింది.

అవ్వ చాట పక్కన పెట్టకుండానే అడిగింది. "మన్ను నువ్వు వోసినవా?"

"నేనే వోసిన అవ్వా. మన్ను గాదు, ఇసుకనే."

"ముఖం సూసినవా?"

"సూసిన."

"ఎండల ముఖాలన్ని ఒక్క తీర్గనే ఉంటయి బిడ్డా. వాడు అయ్యుండడు. నువ్వు లే, కాళ్లు కడుక్కో, ఇంత తిను" అంది అవ్వ. లేచి అతనికి అన్నం పెట్టింది. అతను తింటూ ఏడుస్తుంటే, "నెమ్మదిగ తిను, పొలమారుతది" అని నీళ్లు ముందుకు జరిపింది. అతను వెళ్లిపోయాక మళ్లీ బీడీలు చుట్టింది.

శవం రాలేదు, బూడిద రాలేదు, కాగితం రాలేదు. అవ్వ ఏ కర్మా చేయనివ్వలేదు. వదినను బొట్టు తీయనివ్వలేదు. మా ఇంట్లో ఎవరూ 'పోయాడు' అనే మాట అనలేదు. బాపు మాత్రం ఆ నాటినుంచి ఛాయ్‌లో చక్కెర వేసుకోవడం మానేశాడు. ఎందుకని మేం అడగలేదు. ఖదీర్ భాయ్ సినిమా క్యాసెట్ ఒకటి తెచ్చి వదినకు ఇచ్చాడు. రజిత పుట్టినరోజు వచ్చినప్పుడల్లా వీసీఆర్‌ను స్కూటర్ వెనక కట్టుకొని వచ్చి, పక్కింటివాళ్ల టీవీకి తగిలించి ఆ సినిమా వేసేవాడు. అట్లా రజితకు తండ్రి తెలిశాడు. ఎర్రచీర కట్టుకొని, పొగలోంచి లేచి, ఉరుములాంటి గొంతుతో మాట్లాడే మనిషి. "మీ డాడీ యుద్ధంల ఉన్నడు బిడ్డా, అయిపోంగనే వస్తడు" అని అవ్వ చెప్పేది. ఆ డైలాగును రజిత ముద్దమాటలతో అప్పజెప్పేది. మేం ముద్దులు పెట్టుకునేవాళ్లం. ఏం చేస్తున్నామో మాకు తెలియదు. లేక తెలిసీ ఆ పిల్ల ముఖంలో సంతోషాన్ని మేమూ కాస్త తినేవాళ్లమేమో.

రజిత ఒకటో తరగతిలో ఉన్నప్పటి మాట. సెలవురోజు, పొద్దెక్కింది. నేను దానికి నూనె పెట్టి తల దువ్వుతున్నాను. నర్సింలు కొన్నేళ్లుగా బాన్సువాడలో ఏదో థియేటర్‌కు పనిచేసి ఆ మధ్యే బోధన్ తిరిగొచ్చాడు. ఆ సంగతి నాకు తెలియదు. దూరంగా సందు మొదట్లో మైకు మోగింది. "బోధన్ పట్టణ ప్రజలారా! నేడే చూడండి!" నా చేతుల్లో ఉన్న ఆ చిన్న తల నిటారుగా లేచింది. మరుక్షణం రజిత నా చేతిలో లేదు. దువ్వెన వెంట్రుకల్లోనే ఉంది, సగం జడతో, చెప్పులు లేకుండా వీధిలో పరుగెత్తుతోంది.

"డాడీ! ఆగు డాడీ! డాడీ!"

నేను వెనకాలే పరుగెత్తాను. దుకాణాల వాళ్లు లేచి నిలబడ్డారు. నర్సింలు మైకులో మాటను మధ్యలోనే ఆపేశాడు. రిక్షా ఆగింది. రజిత రిక్షా చుట్టూ తిరిగింది. పోస్టరు అంచు ఎత్తి వెనక చూసింది, కిందికి వంగి చక్రాల మధ్య చూసింది. "మా డాడీ ఏడి? లోపల కూసున్నడా?" అని నర్సింలునే అడిగింది.

నర్సింలు నావైపు చూశాడు. "ఎవల బిడ్డనమ్మా?"

"గంగాధర్ బిడ్డ" అన్నాను.

ఆయన మైకు ఆపి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పటికే జుట్టంతా నెరిసింది, పళ్లు కొన్ని ఊడాయి. మైకు లేకుండా ఆ గొంతు ఇంకా లోతుగా ఉంది. "నేను గాదు బిడ్డా. గది నా గొంతే గని, నేను మీ డాడీని గాదు."

"గా మాట చెప్పు" అంది రజిత.

"ఏ మాట?"

"యుద్ధం నన్ను పుట్టించింది, గది."

నర్సింలు రిక్షా మీదినుంచి కిందికి వంగాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "యుద్ధం నన్ను పుట్టించింది. యుద్ధాన్ని చంపేదాకా..." చివరి మాట చెప్పలేకపోయాడు. రజిత ఆయన నోటినే చూస్తూ విన్నది. ఏడవలేదు. రిక్షా మీద వేసిన చెయ్యి తీసి, వచ్చి నా వేలు పట్టుకుంది.

ఇంటికొచ్చి సంగతి చెప్పాను. వదిన కూతురిని ఒళ్లోకి తీసుకొని, మిగిలిన జడ అల్లింది. అల్లుతూనే, ముందుకు చూస్తూనే చెప్పింది. "డాడీ చచ్చిపోయిండు బిడ్డా. నువ్వు పుట్టిన్నాడే పోయిండనుకో. గది సినిమా. డాడీ గొంతు గట్ల ఉండకుండె, సన్నగ ఉంటుండె." ఇంట్లో ఆ మాట మొదటిసారి పుట్టింది. నేను అవ్వవైపు చూడలేకపోయాను. కోప్పడుతుందనుకున్నాను. అవ్వ వేళ్లు ఆగిపోయాయి. చాట దించి నేల మీద పెట్టింది. లేచి వాకిట్లోకి పోయి, నడుమ కూలబడి, "నా కొడుకా, గంగాధరా, నీకు నీళ్లెవలిచ్చిండ్రురా నా కొడుకా" అని శవం ముందు ఏడ్చినట్టు రాగం తీసి ఏడ్చింది. వాడకట్టు ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. "ఎవలు వోయిండ్రు? ఏమైంది?" అని అడిగారు. "మా గంగాధర్ పోయిండు" అంది అవ్వ. వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే ఆమె పక్కన కూర్చొని ఆమెతో కలిసి ఏడ్చారు. అన్నేళ్ల కిందటి చావుకు ఆనాడు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్కింటివాళ్లు అన్నం తెచ్చి పెట్టారు.

ఆ తర్వాత నర్సింలు రిక్షా మా వీధికి వచ్చినప్పుడు మూల మీదనే మైకు ఆగిపోయేది. ఈ కొసనుంచి ఆ కొసదాకా చక్రాల కిర్రుమనే చప్పుడు ఒక్కటే వినబడేది. మలుపు తిరిగాక మళ్లీ మొదలయ్యేది. మేం ఆయన్ను ఎవరమూ అడగలేదు. ఆ రిక్షాలు, ఆ మైకులు బోధన్‌లో లేకుండా పోయేదాకా ఆయన అట్లాగే చేశాడు.

బాపు పోయాడు, అవ్వ పోయింది. ఫ్యాక్టరీ మూతపడి పొగగొట్టం ఊరికే నిలబడి ఉంది. చెరుకు తోటలున్న చోట ఇప్పుడు ఎటు చూసినా వరి. మసి రాలని బట్టలు తెల్లగా ఆరుతాయి. వదిన బీడీలు చుట్టిన డబ్బుతోనే రజితను నర్సును చేసింది. రెండేళ్ల కింద ఆమె కూడా వెళ్లిపోయింది. అన్నను ఎరిగినవాళ్లలో నేనొక్కదాన్ని మిగిలాను. ఇన్నేళ్లలో నేను గమనించి బాధపడిందేమంటే, అన్నను తలుచుకున్నప్పుడు మనసులో అతను నోరు తెరిస్తే నర్సింలు గొంతే వస్తుంది. సన్నని గొంతని తెలుసు. కానీ తెలియడం వేరు, వినబడడం వేరు.

సినిమా చూసి ఇంటికొచ్చాక ఆద్య దీవాన్ మీద నిద్రపోయింది. రజిత ఫోను తీసి నా పక్కన కూర్చుంది. ఖదీర్ భాయ్ కొడుకు స్టూడియో సామాను సర్దుతూ పాత క్యాసెట్లన్నీ ఫోనులోకి ఎక్కిస్తున్నాడట. అందులో సినిమా కాక, షూటింగ్‌నాడు తీసింది తీసినట్టున్న క్యాసెట్ దొరికిందట. దానికి నర్సింలు గొంతు పెట్టలేదు. కెమెరా అక్కడ విన్నదంతా అట్లాగే ఉంది.

"ఎన్నిసార్లు ఇన్ననో అత్తమ్మా" అంది రజిత. "పదిమంది మాట్లాడుతున్నరు, పాత టేపుల అందరి గొంతులు సన్నగనే ఇనవడుతున్నయి. ఇందుల మా డాడీ ఎవరో నాకు తెలుస్తలేదు. నువ్వైతే చెప్తవు."

మంజీర ఇసుక. గాలి హోరు. కెమెరా ఎటో చూస్తోంది, నీళ్లు, ఎడ్లబండి చక్రం. ఎవరెవరివో నవ్వులు, మరాఠీ కేకలు, ఖదీర్ భాయ్ దగ్గు. "భాయ్, బ్యాటరీ అయిపోతున్నది" అని ఒక గొంతు. "ఇదేనా?" అంది రజిత. నేను తల అడ్డంగా ఊపాను. "గిదా?" కాదేమో. ఇంకొకటి. నాకు తెలియలేదు. ఈ పిల్లకు ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది అదొక్కటే, అదీ లేదని ఎట్లా చెప్పను? కళ్లు మూసుకొని, తెలియడం లేదు బిడ్డా అని అనబోయాను.

"సుజాతా, ఎండల నిలవడకే. తలకాయ నొస్తది. ఇటు నీడకు రా."

"ఆఁ, వస్తున్న అన్నా" అన్నాను.

అన్నాక గాని నా మాట నాకు వినబడలేదు. సగం లేచి నిలబడి ఉన్నాను. రజిత ఫోను ఆపేసి నన్ను చూస్తోంది. కాసేపటికి వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది. మళ్లీ పెట్టింది. ఆ సన్నని గొంతు నన్ను ఎండలోంచి పిలుస్తూనే ఉంది. రజిత ఫోనును చెవికి ఆనించుకొని, పెదవులు బిగబట్టి, కళ్ల నీళ్లు తుడుచుకోకుండా విన్నది.

ఆ చప్పుడుకు ఆద్య లేచింది. కళ్లు నలుపుకుంటూ వచ్చి, రజిత చెవినుంచి దించిన ఫోనులోకి ఆమె భుజం మీదుగా తొంగిచూసింది. ఎర్రచీర భుజాలకు కట్టుకున్న కుర్రవాడొకడు అప్పుడే కెమెరా ముందుకు నడిచి వస్తున్నాడు.

"అమ్మా, ఎవరీ అన్న?" అంది.